వంతెన మీద నాన్న సీను

నా ఫోన్ అంత శుభ్రమైన ఫోన్ మా రేవుపేట వాట్‌గంజ్ మొత్తంలో ఉండదు. అందులో అతని ఫొటో ఒక్కటీ లేదు. నంబరు ‘టైలర్ దీదీ’ పేరు మీద ఉంది. మెసేజ్ చదవగానే చెరిపేస్తాను. మా అక్క ఫోన్లో ఒక అబ్బాయి ఫొటో దొరికినందుకు, నెల తిరక్కుండా శ్రీకాకుళం తీసుకెళ్లి ఇంకెవరికో ఇచ్చి పెళ్లి చేసేశారు. నేను ఎంచుకున్నవాడైతే మరీను. పక్కపేట ఏక్‌బాల్‌పూర్ అబ్బాయి, మా భాషా కాదు, మా మతమూ కాదు. తెలిసిందంటే సాల్ట్ లేక్‌లో నా ఉద్యోగంతో సహా అన్నీ ఆ రోజుతో సరి.

ఇంత జాగ్రత్తపడ్డ దాన్ని, పోయి పోయి ఒక సినిమాకి దొరికిపోయాను.

మా పేటలో ఉండే, అందరం ‘దాదా’ అంటే అన్నయ్యా అని పిలిచే ఒక బెంగాలీ ఆయన సొంతంగా సినిమా తీశాడు. ఫోన్లు, ప్రేమలు, అనుమానాలు, అదీ కథ. తీసిందంతా మా సందుల్లోనే. జనం కావాల్సి వస్తే ఇరుగుపొరుగునే నడిపించేవాడు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నేనూ అతనూ డాక్ వంతెన మీద కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంటే, ఎదురుగా నాన్న! పోర్టు డ్యూటీ బట్టలు, నెత్తిన హెల్మెట్. ఆ వేళప్పుడు ఆయన అటు రాకూడదు. చటుక్కున ఇద్దరం నీళ్లవైపు తిరిగిపోయాం. నాన్న మా వెనకనుంచే నడుచుకుంటూ వెళ్లిపోయాడు. గండం గడిచిందనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి నాన్న అమ్మతో గొప్పలు చెబుతున్నాడు.

“ఒక్కసారికే ఓకే అనీసినారే! ఆ లారీ ఎనకాల కెమెరా ఎట్టి, నన్ను వంతెన మీద నడవమన్నారు. నాను సినిమాలో ఉన్నాను!”

అంటే ఆ కెమెరా ముందు మేమూ ఉన్నట్టే. సినిమా పూర్తయ్యేదాకా, ఆ సీను పాడైపోవాలనీ తీసిపారెయ్యాలనీ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

క్లబ్బు హాల్లో వేశారు సినిమా. నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను తనకీ అమ్మకీ మధ్య కూర్చోబెట్టాడు. తెర మీద ఇంగ్లీషులో వచ్చే మెసేజ్‌లు నేను చదివి చెప్పాలి. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, ఆన్‌లైన్‌లో ఉండి జవాబివ్వవేం. ఆ అమ్మాయి గుట్టంతా ఈ చెవిలో నాన్నకీ ఆ చెవిలో అమ్మకీ నేనే చేరవేస్తున్నాను. లేచి పోదామంటే ఇద్దరి మోకాళ్లూ అడ్డమే.

“ఈ పిల్లకి బుర్ర లేదేటి? సదివినాక సెరిపెయ్యొచ్చు గదా,” అంది అమ్మ.

నేను తర్వాతి మెసేజ్ చదివి చెప్పాను.

వంతెన సీను రానే వచ్చింది. హీరోయిన్ ఫోన్ చూసుకుంటూ పోతోంది, ఆమె వెనక నాన్న. హాలంతా ఈలలు, చప్పట్లు. నేను మాత్రం తెర అంచుకేసి చూశాను. నా పసుపు చున్నీ, అతని గళ్ల చొక్కా, ఆనుకున్న మా భుజాలు. ఊపిరి తీసుకునేంతసేపు ఉండి మాయమయ్యాయి. అందరూ నాన్ననే చూశారు. నాన్న కూడా నాన్ననే చూసుకున్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కొన్నాళ్లకి ఆ దాదా సినిమాని యూట్యూబ్‌లో పెట్టాడు. నాన్న నా ఫోన్ని టీవీకి కలపమన్నాడు.

“ఆపు, ఆపు! ఎనక్కి తిప్పమ్మా. ఆ, అక్కడ. కదపకు.”

కదపలేదు. నాన్న, నాన్న పక్కన మేము, అంత పెద్ద టీవీలో.

“నా మొకం పెద్దది సెయ్యి.”

బతుకుజీవుడా అని పెద్దది చేశాను. నాన్న పెరిగినకొద్దీ మేము అంచు దాటిపోయాం. ఆ బొమ్మని ఫ్రేము కట్టించాలి, ఫొటో తీసిపెట్టమన్నాడు. ఆ పనీ నాదే. అంచున ఉన్న మమ్మల్ని కోసేముందు ఫోన్లో చూసుకుంటే దుఃఖం ఆగలేదు. మేమిద్దరం కలిసి ఉన్న ఫొటో ఎక్కడైనా ఉందంటే అదొక్కటే. నా వేలితో నేనే కోసేశాను. ఇంకాస్త లోపలికి జరిగితే నాన్న మోచెయ్యి పోతుంది. అందుకని అంచున సన్నగా పసుపు రంగు మిగిలిపోయింది.

ఇప్పుడది టీవీ పైన గోడకి ఉంది. రోజూ దానికి ఎదురుగానే కూర్చుని అన్నం తింటాను. వచ్చినవాళ్లందరికీ నాన్న చూపిస్తాడు. అమ్మ రోజూ తుడుస్తుంది.

మొన్న ఆఫీసుకి బయల్దేరుతుంటే, అమ్మ గుడ్డ పట్టుకుని ఆ అంచు దగ్గరే ఆగింది. నావైపు తిరగలేదు.

“ఆ పసుపు సున్నీ ఎక్కడెట్టినావు?”

“బీరువాలో.”

“అక్కడే ఉండనీ, మీ నాన్న కంట పడకుండా. తాళం నాకియ్యి,” అంది.

ఇచ్చేశాను.