ఎత్తిన చెయ్యి

చర్చిలో రొట్టె ముక్కైనా, ఈతకొలను కాపలాదారు భీమప్ప ఇచ్చే చాయ్ గ్లాసైనా హేబ్సిబా టీచర్ రెండు చేతులతోనే అందుకుంటుంది. బీదర్‌లోని ఆ కొలనులో ఆడపిల్లలకు బ్రెస్ట్‌స్ట్రోక్ ఈత నేర్పేటప్పుడూ అదే పాట: "రెండు చేతులు ఒక్కసారే గోడకు తగలాలె. లేకుంటే పందెం చెల్లదు." మొన్న అంతర్జాతీయ పోటీలకు జడ్జిగా వెళ్లింది. ఆడవాళ్ల యాభై మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఫైనల్లో మన దేశపు అమ్మాయే అందరికంటే ముందు గోడ తాకింది. కానీ ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి తర్వాత. జనం జెండాలూపుతూ కేకలు పెడుతుంటే, తప్పు జరిగిందని హేబ్సిబా చెయ్యెత్తింది. "సరిగ్గానే చూశారా?" అని రెఫరీ రెండుసార్లు అడిగాడు. ఆ చెయ్యి దిగలేదు. పతకం పోయింది.

తిరిగొచ్చిన రోజు భీమప్ప చాయ్ ఇవ్వలేదు. కొలను గట్టుమీదే నిలదీశాడు. "మన పిల్లనే ఔట్ చేసిన్రట గద టీచరమ్మా! జర చూసీ చూడనట్టుంటే ఏం పోతుండె?"

"నన్ను పిలిచిందే చూడనీకి, అన్నా."

అప్పుడే నీళ్లలోంచి ఒక పిల్ల రొప్పుతూ వచ్చి ఒంటి చేత్తో గోడ పట్టుకుంది. భీమప్ప మనవరాలు కావేరి. టీచర్ చెయ్యి మళ్లీ లేచింది. కావేరి తాత వైపు చూడనైనా చూడలేదు. గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదటినుంచి ఈదడానికి వెనక్కి మళ్లింది.