కరెంటు కోతకు సరిపడ్డ గడులు

విమానాశ్రయం వచ్చిన నాలుగేళ్లకు, శంషాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని బంగారం మీద పరిశోధన చేసేవాణ్ని. బంగారమంటే తాకట్టుకు పనికొచ్చేది కాదు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉండే దిమ్మె, అదీ కంప్యూటర్‌లో గీసుకున్నది. దాని మీద కాంతి పడితే మూలల దగ్గర వెలుగు ఎన్ని రెట్లు పెరుగుతుందో లెక్కకట్టడం నా పని. ఆ చోటంతటినీ చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో కాంతి ఎలా మారుతుందో కంప్యూటర్ లెక్కిస్తుంది.

నాకు చాలా పెద్ద అంకె వచ్చింది. దాని మీద రాసిన పత్రాన్ని ఒక పరిశోధన పత్రిక వేసుకుంటానంది. నా డాక్టరేట్ మొత్తం ఆ అంకె మీదే నిలబడి ఉంది.

ఇల్లుగలావిడను అక్కా అనేవాణ్ని. ఒక మధ్యాహ్నం మజ్జిగ తెచ్చి, తెర వైపు చూసింది.

"ఏంది తమ్మీ, మూలకు గట్ల ఎర్రగ మండుతున్నది?"

"వెలుగక్కా. గడుల్లో లెక్కేస్తే వచ్చింది."

"గడులు జర చిన్నగ చేస్తే గంతే వస్తదా?"

"చిన్నవైతే పగలంతా పడుతుందక్కా. మూడు గంటలకోసారి కరెంటు పోతోంది కదా, మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఈ సైజు పెట్టాను."

"అంటే బంగారాన్ని చూసి కాదు, కరెంటును చూసి పెట్టినవు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆమె అన్నది నిజం. గడుల సైజును సగానికి తగ్గించి సరిచూసుకోవడం ఈ విద్యలో ఓనమాలు. పెద్ద చదువులో ఉన్నాను కదా అని ఓనమాలు ఎగ్గొట్టాను.

మర్నాడు పొద్దున్నే అక్క తమ ఇన్వర్టర్ తీగ నా గదికి లాగించింది. "ఒక్కరోజు పంకా లేకుంటే ఏం గాదు తియ్" అంది. కరెంటు పోయినప్పుడల్లా వాళ్లింటిల్లిపాదీ వరండాలో విసనకర్రలతో కూర్చున్నారు.

సాయంత్రానికి లెక్క పూర్తయింది. మూల దగ్గర అంకె దాదాపు రెట్టింపైంది. గడులు ఇంకా చిన్నవి చేస్తే ఇంకా పెరుగుతుంది. నేను గీసిన మూల అంత పదును మరి. నిజమైన బంగారానికి అంత పదునుండదు. నేను లోకానికి చూపించబోయిన వెలుగు బంగారానిది కాదు, నా గడులది.

గైడ్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన మొదట అడిగింది ఇదే.

"ఇంకెవరికైనా తెలుసా?"

"మా ఇల్లుగలావిడకు తెలుసు సార్."

"అయితే పత్రం వెనక్కి తీసుకోవాల్సిందే. ఇంకో ఏడాది పడుతుంది నీకు."

ఆ గొంతులో నవ్వుందో లేదో ఇప్పటికీ చెప్పలేను. పత్రికకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. కారణం అన్నచోట కరెంటు కోతల గురించి నాలుగు వాక్యాలు రాశాను. అవి చెరిపేసి, సరిచూసుకోలేదని రాసి పంపాను.