కుడి దిక్కు తిప్పు

"చాయ్‌ల చక్కెర తక్కువైంది" అన్నడు.

"నోరు లేకున్నా నఖరాలకు తక్కువ లేదు నీకు" అన్న.

మీ పెదబాపుకు నాకు నడుమ ఆఖరి మాటలు గవే. రాస్కో లావణ్యా... మీ పెద్దమ్మ అబద్ధం చెప్పది. నా చెవుల విన్నది, నా చేతులతోని చేసింది చెప్తున్న.

మీ పెదబాపుకు మెడ కాంచి కింద అంత పడిపోయింది. మాట గూడ పోయింది. కండ్లొక్కటే కదిలేటివి. మంచం కాడ స్టాండుకు మిషిన్ పెట్టిన్రు. దాంట్ల బొమ్మలుంటై. ఏ బొమ్మను రెప్ప కొట్టకుండ సూస్తే... టిక్కుమని ఆ మాట పైకి చెప్తది. రాత్రి పూట ఒక్కటే మాట. "కుడి దిక్కు తిప్పు." పుండ్లు పడకుండ నేను లేశి తిప్పేది. మంచిగైతే "సాలు" అనేటోడు.

ఆ దినం పొద్దుగూకంగ పానం పోయింది. డాక్టర్ సూశి, అయిపోయిందన్నడు. మరిది యాదగిరి కండ్లు మూశిండు. కూతురు వరంగల్ నుంచి రావాలె, పొద్దుగాల ఎత్తుదామన్నరు. మంచం పక్కన్నే చాప మీద పండవెట్టి తలకాడ దీపం పెట్టిన్రు. మిషిన్ను ఎవ్వరు బంద్ చెయ్యలే... ఆయన దిక్కే వంగి ఉండె.

అందరు బైట కూసున్రు. లోపల నేనొక్కదాన్నే. గోడకు ఒరిగిన. కండ్లు మూతలు పడ్డయి...

టిక్.

"కుడి దిక్కు తిప్పు."

"వస్తున్న, ఆగు" అన్న. నిద్రల్నే లేశిన. భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి... తిప్పిన. రోజు లెక్కనే.

అప్పుడు తెలిసింది... సల్లగ. కట్టె లెక్క.

చెయ్యి తియ్యరాలే. పత్తర్‌గట్టి ఎనక మా గల్లీ, రాత్రంత లొల్లి ఉంటది. ఆ ఘడియ... కుక్క గూడ మొరగలే. నా ఊపిరే నాకు ఇనవడుతుండె...

టిక్.

"సాలు."

ముఖం దిక్కు సూడలే. కండ్లు మూసున్నయా, తెరిసున్నయా... సూస్తే తెలిసేది. ధైర్యం రాలే. కేకేశిన.

యాదగిరి ఉరికొచ్చిండు. "దీపం ఊగితే మిషిన్ దాన్నే కన్ను అనుకుంటది వదినె, గంతే" అని బంద్ చేశిండు.

"మల్ల డాక్టర్ను పిలువు."

"నలుగురు నవ్వుతరు. ఊకో."

పొద్దుగాల పురానాపూల్ శ్మశానానికి ఎత్కపోయిన్రు. నేను ఆపలే.

దీపమే కావొచ్చు. మరి దీపానికి... తిప్పినంక సాలని ఎట్ల తెలిసె? పానమున్న మనిషినే పంపిన్నా... తెల్వది బిడ్డా. ఇయ్యాల్టికి తెల్వది.

రాసిందంత సదివి వినిపియ్యి. నడుమ ఆగకు. ఆగితె మల్ల ఆ టిక్కు ఇనవడ్తదని నాకు దడ పుడ్తది.