ఏడు సైట్ల వదిన

మా వదినకు పంతం ఎక్కువ. ఆడపడుచును కాబట్టి ఎత్తిపొడుస్తున్నాననుకోకండి, ఆ పంతం మీదే మా ఇల్లు నడిచిన రోజులున్నాయి. పనిచేసే టైపింగ్ సెంటర్ మూతపడ్డాక, నలభై దాటిన వయసులో వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకుంది. బేకరీ, దర్జీ, కళ్లజోళ్ల షాపు, ఫిజియోథెరపీ క్లినిక్, ఇలా మా వీధిలో ఏడింటికి ఆమే సైట్లు పెట్టింది. వంటింటి పక్క గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు. అదే ఆఫీసు.

ఆమె తీసుకున్న సర్వర్లో ఒక్క డేటాబేసుకే చోటు. ఏడు సైట్లూ వేరువేరుగానే పెట్టింది కానీ వాటి సమాచారమంతా ఆ ఒక్కదాంట్లోనే. ఒకే బీరువాలో ఏడుగురి బట్టలు సర్దినట్టు, ఒక్కో దుకాణం పట్టికలకు ఒక్కో గుర్తు పెట్టి, కలిసిపోకుండా చూసుకునేది.

"ఉమ్మడి కాపురం వదినా, ఎప్పుడో కొంప ముంచుతుంది" అన్నాను.

"నీ నోట మంచి మాట వస్తే గదా!" అంది.

ఒక ఆదివారం పొద్దున బేకరీ సైటు పడిపోయింది. బేకరీ ఆయన పది నిమిషాలకోసారి ఫోన్. తొమ్మిది రోజుల కిందటి బ్యాకప్ ఉంది. అందులోంచి బేకరీ పట్టికలు మాత్రమే ఏరి వెనక్కి పెట్టాలి. వదిన ఆ కంగారులో మొత్తం బ్యాకప్పును ఎక్కించేసింది, అప్పటిదాకా ఉన్నదాన్ని విడిగా దాచుకోకుండా. బేకరీ లేచి కూర్చుంది. ఏడు సైట్లూ తొమ్మిది రోజులు వెనక్కి పోయాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే.

మిగతావాళ్ల దగ్గర కాగితాలున్నాయి, మళ్లీ ఎక్కించుకోవచ్చు. క్లినిక్‌కే ఏమీ లేదు. వారం రోజుల ముందు నుంచి మాత్రమే, అదీ సైట్లోనే అపాయింట్‌మెంట్లు తీసుకుంటారు. రాబోయే వారంలో ఎవరు, ఏ గంటకు వస్తారో ఇక ఎవరికీ తెలియదు.

"సర్వర్ వాళ్ల మీదికి తోసెయ్" అన్నాను.

"నొక్కింది వాళ్లా, నేనా?" అని చెప్పులేసుకుని క్లినిక్‌కు బయల్దేరింది. నేనూ వెనకే వెళ్లాను.

డాక్టరమ్మ అరవలేదు. అదే భయం వేసింది. "వారంలో ఒక్క పేషెంటు చూపించుకోకుండా వెళ్లిపోయినా సైటు మీ చేతిలో ఉండదు. వీధిలో మిగతావాళ్లకూ సైట్లు మార్చుకోమని నేనే చెప్తాను" అంది.

వదిన కొత్త బుకింగులు ఆపేసి, సోమవారం నుంచి ఆ క్లినిక్ వరండాలో నోటుబుక్కుతో కూర్చుంది. వచ్చినవాళ్లను వచ్చినట్టు రాసుకోవడం, కుర్చీలు వేయడం, తిట్లు తినడం. లిస్టు పోయిందని తెలిశాక అందరి అపాయింట్‌మెంటూ పదింటికే! ఒక్కరినీ కాదనలేదు. "చెరిపింది నేను, నమ్మక చస్తానా?" అంది.

శనివారం, ఆఖరి రోజు. వదిన ఐదు నిమిషాలు మంచినీళ్లకని లోపలికెళ్లింది. నోటుబుక్కు సాయానికొచ్చిన నా చేతిలో ఉంది. కర్రతో ఒక పెద్దాయన వచ్చి, జనాన్ని చూసి, "నా పేరు ఉందా అమ్మా?" అన్నాడు. నేను విసుగ్గా "ఎవరి పేరూ లేదండీ" అన్నాను. ఆయన తలాడించి వెళ్లిపోయాడు.

వదిన రాగానే చెప్పాను. "డాక్టరమ్మ చూడలేదులే, వదిలెయ్" అని కూడా అన్నాను.

ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వీధిలోకి పరుగెత్తింది. బస్‌స్టాప్‌లో, బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతున్న ఆయన్ని ఆపి, చెయ్యి పట్టుకుని, ఆయన నడకకు తన నడక కలిపి పావుగంటలో తీసుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతటితో ఊరుకుందా? తిన్నగా లోపలి తలుపు తీసింది.

"డాక్టరమ్మా, ఒకాయన వెళ్లిపోయాడు. మళ్లీ తీసుకొచ్చాను. ముందు ఆయన్ని చూడండి. సైటు ఎవరికిస్తారో తర్వాత మీ ఇష్టం."

నా పేరు ఎత్తనే లేదు.

డాక్టరమ్మ పెద్దాయన్ని కూర్చోబెట్టి, మోకాలు పట్టి చూసి, అరగంట చేయవలసినదంతా చేసి పంపింది. తర్వాత బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"నా సమాచారం విడిగా ఉండాలి. ఉంటుందా?"

"ఉంటుంది. వేరే డేటాబేసు తీసుకుంటాను."

"సరే, కొత్త బుకింగులు ఎప్పుడు తెరుస్తున్నారు?"

వారమంతా అన్ని తిట్లకూ చెక్కుచెదరని మా వదిన, ఆ ప్రశ్నకు భోరున ఏడ్చింది.