మలేషియా మామయ్యకు డాలర్ టికెట్

భయపడి కాదు నేను ఈ రోజు జెయింట్ వీల్ ఎక్కనిది. మా పెద్దమ్మ గొప్పలు చెప్పడం వల్ల.

పెద్దమ్మకు వరసకు తమ్ముడు, మలేషియాలో పుట్టి పెరిగిన మామయ్య, పొద్దున్నే విమానం దిగాడు. ఖర్చంతా తనదేనని మమ్మల్ని పార్కుకు తీసుకెళ్లాడు. టికెట్ల క్యూలో పెద్దమ్మ అందరికీ వినబడేలా, "మా తమ్ముడండీ, మలేషియా నుంచి వచ్చాడు" అంటూ విమానంలో పెట్టిన భోజనం దాకా చెప్పింది.

కౌంటర్‌లో అన్న విన్నాడు. "అయితే సార్‌కు ఫారిన్ టికెట్. పది డాలర్లు."

మామయ్య ముఖం వాడిపోయింది. "పోయినేడూ పది డాలర్లే. కానీ మా రింగిట్ పడిపోయిందయ్యా. ఇప్పుడు ఆ పదికే బోలెడు రింగిట్లు పొయ్యాలి."

"మా రూపాయి గూడ పడ్డది సార్. ఎవరికి చెప్పుకుంటం?"

పెద్దమ్మ వెంటనే మాట మార్చింది. "మలేషియా ఏంటండీ! వీడిది నిజాంపేట."

వెనకాల ఒకాయన, "గిప్పుడే గదమ్మా విమానంల అన్నం తిన్నడన్నవ్!" అన్నాడు.

కౌంటర్ అన్న నావైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వు చెప్పు. సార్ యాడికెళ్లి వచ్చిండు?"

కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. క్యూ అంతా నన్నే చూస్తోంది. నిజాంపేట అనమని పెద్దమ్మ గిల్లింది.

"ఎయిర్‌పోర్ట్ నుంచి" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. మామయ్య డాలర్ రేటే కట్టాడు. లోపల జెయింట్ వీల్‌కు వేరే టికెట్టట, దానికి ఇక డబ్బులు మిగల్లేదు. పెద్దమ్మ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

మీరే చెప్పండి, నేనేమన్నా అబద్ధం చెప్పానా?