రెండు గీతల పిన్ను

మా మేనత్తకు గొంతు కింద గడ్డ ఉందని, ఆపరేషన్ చేయాలని వేలూరు డాక్టరు చెప్పినప్పుడు పక్కన నేనే ఉన్నాను. అత్తది గుడియాత్తం. నేను వేలూరు సత్తువాచారిలో కాపురముంటూ అక్కడే ఒక ఆఫీసులో పని చేస్తాను కాబట్టి ఆసుపత్రి తిరుగుడంతా నా మీద పడింది. డాక్టరు తమిళంలో నిదానంగా చెప్పాడు. గడ్డతో ప్రాణభయం లేదు. కానీ గొంతును ఆడించే నరం దానికి ఆనుకునే ఉంది. ఆపరేషన్ తర్వాత గొంతు మారవచ్చు, మారకపోవచ్చు.

అత్త తల ఊపింది. బయటికి వచ్చాక, "మారితే మారనీ. నేనేమన్నా కచేరీలు చేస్తా ఉండానా?" అంది.

నాకు అలా అనిపించలేదు. తమిళనాడులోని మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం గానీ రాయడం, చదవడం ఎవరికీ రాదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. అత్త చెప్పే కథలు ఆమె నోట్లో తప్ప ఇంకెక్కడా లేవు. ముఖ్యంగా రైలు కథ. అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా నాయనమ్మ లుంగీల మూట ఎత్తుకుని, ఆమెను చంకన వేసుకుని, అమ్ముకు రావడానికి రైల్లో ఆంబూరు బయలుదేరింది. దారిలో నిద్రపోయి ఊరు దాటిపోయింది. తెలియని స్టేషన్లో దిగి, ఆ ప్లాట్‌ఫారం మీదే లుంగీలన్నీ అమ్మేసి సాయంత్రానికి ఇల్లు చేరింది. ఆ కథలో రైలు కూత కూడా అత్తే కూసేది.

ఆపరేషన్‌కు ఇంకా కొన్ని వారాలు ఉండగా ఒక చిన్న రికార్డరు సంపాదించాను. పాతదే, జేబులో పట్టేంత. కింద పడితే పగలకుండా ఆంబూరులో దానికి తోలు తొడుగు కుట్టించాను. చీరకు తగిలించే చిన్న మైకు మాత్రం ఫోను కోసం ఎప్పుడో కొన్నది ఇంట్లో ఉంది. దాని పిన్ను రికార్డరు రంధ్రంలో సరిగ్గా దూరింది. దూరితే చాలదా అనుకున్నాను.

ఆదివారం గుడియాత్తం వెళ్లి కథ చెప్పించాను. తిరుగు బస్సులో విన్నాను. మొదట గరగర, తర్వాత ఏమీ లేదు. చాలాసేపటికి "జోలార్‌పేటలో దిగినాము" అని అత్త గొంతు పక్కనే ఉన్నట్టు పలికింది. మళ్లీ ఏమీ లేదు.

వేలూరులో ఫోను సామాన్లు అమ్మే ఒకాయన మైకు పిన్ను నా కళ్ల ముందు పెట్టి దాని మీది నల్ల గీతలు చూపించాడు. ఫోను మైకు పిన్నుకు మూడు గీతలుంటాయట, రికార్డరుకు రెండు గీతలది కావాలట. మూడు గీతలది పూర్తిగా దూర్చితే పలకదు, కాస్త వెనక్కి లాగితే పలుకుతుంది. ఆయన దూర్చాడు, లాగాడు. నిజమే. లోపలికి పోతే మూగ, బయటికి వస్తే మాట. బాగా బిగించడమే మంచిదని ఇన్నేళ్లు అనుకున్నదాన్ని. మధ్యలో ఒక జోడింపు ముక్క పెడితే సరిపోతుందని ఆయన ఇచ్చాడు.

పెళ్లిళ్లకు సౌండు సెట్టు పెట్టే ఇంకొకాయన ఆ ముక్కను చూసి ముఖం చిట్లించాడు. ప్రతి అతుకూ వదులయ్యే ఇంకొక చోటట. నేరుగా రెండు గీతల పిన్ను ఉన్న మైకే కొనమన్నాడు, అదీ తిప్పి మర బిగించేదైతే కదలదన్నాడు. బంగారు రంగు పిన్ను తుప్పు పట్టదని మొదటాయన చెప్పాడు కదా అంటే, అది రంగేనమ్మా, బంగారం కాదు అన్నాడు. ఇద్దరూ నమ్మకంగా చెప్పారు. నేను మొదట జోడింపు ముక్కనే నమ్మాను, అప్పటికే చేతిలో ఉంది కాబట్టి.

రెండోసారి అత్త చేయి ఊపినప్పుడల్లా ఆ ముక్క బరువుకు వేలాడి చిటపటలాడింది. పైగా ఈసారి వాళ్లు దిగింది జోలార్‌పేటలో కాదు, వాణియంబాడిలో. పోయినసారి జోలార్‌పేట అన్నావు కదత్తా అంటే, రెండూ ఆ పక్కే కదా అంది.

మర ఉన్న మైకు కొన్నాను. నా రికార్డరు రంధ్రానికి లోపల మర లేదని కొన్నాక తెలిసింది. మర భాగం అడ్డుపడి పిన్ను బియ్యపుగింజంత బయటే ఉండిపోయింది. అయినా ఇంట్లో గట్టిగా నొక్కితే పలికింది. గుడియాత్తంలో పలకలేదు. ఇక్కడ పలికేది అక్కడెందుకు పలకదో నాకు అంతుపట్టలేదు. అత్త వాళ్ల వీధిలో మగ్గాల చప్పుడు వల్లనా అని కూడా ఆలోచించాను. చప్పుడుకు పిన్ను ఏం చేస్తుంది? ఆ మూడోసారి కథలో నాయనమ్మ చెప్పు ఒకటి పట్టాల మీద పడిపోయింది. ఆ చెప్పు గురించి నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

సెలవు రోజు అన్నీ చాప మీద పరుచుకుని కూర్చున్నాను. బ్యాటరీలు మార్చడానికి తోలు తొడుగు తీశాను. తీసి చూస్తే మర మైకు పలికింది. తొడుగు వేస్తే ఆగిపోయింది. ఇంట్లో ఊరికే నొక్కి చూసినప్పుడు తొడుగు ఉండేది కాదు, ఊరికి పోయేటప్పుడే వేసేదాన్ని. తోలు మందానికి పిన్ను లోపలికంటా పోవడం లేదు. తెలిసిపోయిందని సంతోషించాను. కానీ మూడు గీతల పాత మైకును తొడుగు లేకుండా పెడితే పూర్తిగా మూగపోయింది. అంటే ఆ ఒక్క జోలార్‌పేట మాట పలికింది తొడుగు పుణ్యమేనా? చెడగొట్టింది ఏది, బాగుచేసింది ఏది? తల పట్టుకున్నాను. చివరికి తొడుగు పక్కన పెట్టి, రెండు గీతలు, సన్నటి మెడ, ఎల్ ఆకారంలో వంపు తిరిగి, వైరు మొదట్లో మెత్తటి రబ్బరు ఉన్న పిన్నుతో ఇంకో మైకు కొన్నాను. తిప్పినా, లాగినా, రికార్డరును ఒళ్లో దొర్లించినా మాట తెగలేదు. దాన్ని ఎంచుకోవడానికి నా దగ్గర ఉన్న కారణం అదొక్కటే.

నాలుగోసారి వెళ్లేసరికి అత్త విసిగిపోయి ఉంది. మైకు తగిలిస్తుంటే, "ఎన్ని తూర్లు చెప్పేదమ్మా అదే కత? నా గొంతు నువ్వే అరగదీస్తా ఉండావు," అంది. ఇదే చివరిదని బతిమాలాను. మొదలుపెట్టింది. లుంగీల మూట, రైలు, కిటికీ. ఆంబూరు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. రైలు కూత కూయలేదు. నేను రికార్డరు వైపు చూశాను, దీపం వెలుగుతూనే ఉంది.

"నిద్రపోలేదు మా అమ్మ," అంది అత్త. "మేలుకొనే ఉన్నింది. ఆంబూరు వచ్చింది, అందరూ దిగినారు. అమ్మా, దిగుదామా అన్నాను. గమ్మునుండు అనింది."

ఇంట్లో ముందురోజు తగాదా అయిందట. ఇక తిరిగి రాకూడదనే మూట కట్టిందట నాయనమ్మ. జోలార్‌పేటలో దిగి ప్లాట్‌ఫారం మీద చాలాసేపు కూర్చుందట. యాడికి పోవాలో తెలియక కూర్చున్నదని అత్త అంది. ఎవరో వచ్చి లుంగీ ఎంత అని అడిగితే చెప్పింది. ఇంకొకరు అడిగారు. మూట ఖాళీ అయ్యేసరికి తిరుగు రైలు వచ్చింది, ఎక్కింది.

"నిద్రపోయినానని ఇంట్లో చెప్పమని నాకు నేర్పిచ్చింది. అట్లే చెప్తా వచ్చినాను," అంది అత్త.

నేను ఎరిగిన నాయనమ్మ ఇల్లు కదలని మనిషి.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు తిరిగి వచ్చింది గానీ కింది స్థాయికి దిగి, కాస్త బొంగురుపోయింది. రైలు కూత ఇక రాదు. కుట్లు మానాక ఒక మధ్యాహ్నం రికార్డు వింటానని అత్తే అడిగింది. ఇయర్‌ఫోను చెవిలో పెట్టాను. కళ్లు మూసుకుని ఆసాంతం విన్నది.

"ఇది ఎవురెవురు విన్నారు?" అంది.

"నేను ఒక్కదాన్నే, అత్తా."

చెవిలోది తీసి నా చేతిలో పెట్టింది.

"సరే. ఉండనీ," అంది.

ఉండనీ అంటే దాచిపెట్టమనా, ఇక దాని జోలికి పోవద్దనా, అడగాలనుకుంటూనే ఉన్నాను. ఇంతవరకు అడగలేదు.