పేజీ కదలాలంటే

ఆసుపత్రిలో అందరూ ఆవిడ్ని నిదానం డాక్టరమ్మ అంటారు. రోగి చేతిని తన చేతిలోకి తీసుకుని, కాసేపు ఊరికే కూర్చుని, అప్పుడు గానీ మొదలుపెట్టదు. "మా ఆవిడ దగ్గరికొస్తే జ్వరం కూడా కుర్చీ వేయించుకుని కూర్చోవాల్సిందే" అని భర్త ఏడిపిస్తుంటాడు. ఆ చెయ్యి పట్టుకుంటేనే సగం రోగం పోతుందని జనం నమ్మకం. అందులో నిజమెంతో దేవుడికెరుక.

కంప్యూటర్ వచ్చాక ఆ చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. దేశంలో ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్ళినా వాళ్ళ వివరాలన్నీ అక్కడ కనిపించాలని పెట్టిన ఏర్పాటది. మంచిదే, కాదనేవాళ్ళెవరు? కానీ "పడని మందులు" అన్నచోట ఉన్నాయి, లేవు అని రెండే బటన్లు. ఏదో ఒకటి నొక్కితే గానీ పేజీ కదలదు. బయటేమో వరస గుమ్మం దాటి ఉంటుంది. అడిగే తీరిక లేనప్పుడు డాక్టర్లంతా "లేవు" నొక్కేసి ముందుకు పోయేవారు. నలుగురితో నారాయణ అని ఆవిడా నొక్కింది.

ఆ ఏర్పాటు మీద డాక్టర్లేమంటారో వినడానికి ఒక మధ్యాహ్నం పైవాళ్ళు సమావేశం పెట్టారు. దాన్ని తయారుచేసిన ఇంజనీరు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతున్నాడు. పరదాల్లోంచి పల్చటి ఎండ, నెత్తిన ఫ్యాను జోల. ఆవిడకి రెప్పలు వాలాయి. దేశంలోని ఆసుపత్రి గదులన్నీ కలిసి ఒకే పొడుగాటి వసారా అయిపోయాయి. అందులో జనం చప్పుడు లేకుండా నడిచి వెళుతున్నారు. వాళ్ళు నోరు విప్పబోయేలోపే ఎవరిదో గొంతు జవాబు చెప్పేస్తోంది, లేవు, లేవు అని. ఎంత మెత్తటి గొంతో. తీరా చూస్తే తనదే.

వసారా చివర నిలబడ్డవాడు బస్సు డ్రైవరు. కాలికి చీము పట్టి కిందటి వారం వచ్చాడు, ఆపరేషన్‌కి పెద్దాసుపత్రికి పంపింది. అది ఇవాళే. పడని మందుల సంగతి అతన్ని అడిగిందా? అడగలేదు, "లేవు" నొక్కి పంపేసింది. చటుక్కున మెలకువొచ్చింది.

కూర్చున్నచోటి నుంచే పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. అక్కడి కుర్ర డాక్టరు ఎత్తాడు.

"బాబూ, ఆ డ్రైవరుకి పడని మందులేమైనా ఉన్నాయేమో అడిగారా?"

"అడిగాం మేడమ్. పెన్సిలిన్ పడదన్నాడు. ఒకసారి ఊపిరాడక చచ్చి బతికాడట. కానీ కంప్యూటర్లో మీ పేరు మీద లేవని ఉంది కదా. పెద్ద డాక్టరు ఊరికే రాయరు, ఈయనే ఏదో పొరబడ్డాడనుకున్నాం."

"సూది వేసేశారా?"

"సిస్టర్ ఆ మందే కలుపుతోంది."

"ఆపించు. ఫోన్ పెట్టకు, ఆపించి వచ్చి చెప్పు."

ఫోను చెవికి నొక్కుకుని ఆవిడ టేబుల్ వైపే చూస్తూ కూర్చుంది.

"ఆపేశాం మేడమ్" అన్నాడు కుర్రవాడు.

సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ దాచుకోలేదు. "అతను చెప్పిందే నిజం బాబూ. నేను అసలు అడగనే లేదు."

అందరూ విన్నారు. ఒక్క డాక్టరూ తల ఎత్తలేదు. ఇంజనీరే నెమ్మదిగా అడిగాడు. "మూడో బటన్ పెడదామా మేడమ్? 'తెలియదు' అని?"

"కాదు నాయనా. 'అడగలేదు' అని పెట్టండి. నొక్కేటప్పుడు మా చెయ్యి వణకాలి."